యాభై కార్డులకు భద్రమైన చోటు

కార్డులు అమ్మేయాలని సుకుమార్ నిర్ణయించుకుని ఏడాది దాటింది. ఎక్కడ అమ్మాలన్నదే తేలలేదు.

అవి క్రికెట్ ఆటగాళ్ల బొమ్మల కార్డులు. అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగ్గా ఉంటాయి. ఒకప్పుడు ఇంగ్లండులో సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చేవారట. మిషన్ ఆసుపత్రి దొరసానిగారు పొగ వాసనకే తలనొప్పి తెచ్చుకునే మనిషి. అయినా ఆవిడ తమ్ముడు ఇంగ్లండు నుంచి పంపిన కార్డులను పారేయలేక, ఆదివారపు బడికి మానకుండా వచ్చే పిల్లలకు బహుమతిగా పంచింది. సుకుమార్ తండ్రి యేసుదాసు జ్వరంలో కూడా బడికి వెళ్లి కొన్ని సంపాదించాడు. మిగతావి తోటిపిల్లలకు గోళీలిచ్చి మార్చుకున్నాడు. అలా యాభై పూర్తయ్యాయి. మొదటి కార్డు వెనక పెన్సిలుతో పేరు రాసుకున్నాడు. ఆ ఆట ఆయన జన్మలో ఆడలేదు.

సుకుమార్‌కి ముప్పై ఎనిమిదేళ్లు. ఏలూరు నీటిపారుదల ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం. కొల్లేరు ఎక్కడితో ఆగుతుందో, పొలం ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపించాలి. వానాకాలంలో సరస్సు ఆ గీతను లెక్కచేయదు. ఎండాకాలంలో మనుషులు లెక్కచేయరు. పవర్‌పేటలో ఒక గది, ఒక మంచం, మనస్తత్వ శాస్త్రం పుస్తకాలు ఒక అలమర నిండా. పెళ్లి కాలేదు. వద్దనుకోలేదు, కావాలనీ అనలేదు.

ఒక రోజు బిస్కెట్ల డబ్బా మూత తీస్తే కార్డుల అంచుల్లో తెల్లటి బూజు కనిపించింది. కొల్లేటి గాలి తేమ ఈ ఊళ్లో కాగితాన్ని బతకనివ్వదు. 'నా తరవాత వీటిని చూసేవాళ్లెవరు?' అనుకున్నాడు. ఆ ప్రశ్న కార్డులకు సంబంధించినదేనన్న విషయంలో అతనికి ఏ అనుమానమూ కలగలేదు. కనక అమ్మేయాలి. అయితే భద్రంగా అమ్మాలి.

అప్పటినుంచి ఆఫీసు వదలగానే జెస్సీ నెట్ సెంటర్‌కి వెళ్లడం మొదలుపెట్టాడు.

పవర్‌పేట స్టేషన్ పక్కన పాత పెంకుటింటి ముందుగదిలో నాలుగు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మెషిను, ఒక లామినేషన్ మెషిను. గుమ్మం దగ్గర జిరాక్సులు తీస్తూ జెస్సీ తల్లి కనకరత్నం కూర్చుంటుంది. లోపల చివర నాలుగో నంబరు సిస్టమ్, దాని పక్కనే లామినేషన్ బల్ల, బల్ల వెనక జెస్సీ. మిగతా మూడూ ఖాళీగా ఉన్నా సుకుమార్ నాలుగోదాని కోసం నిలబడి ఎదురుచూసేవాడు.

"ఒకటో నంబరు ఖాళీనేనండి," అంటుంది కనకరత్నం.

"పర్లేదండి. నాలుగోదాని కీబోర్డు బాగుంటుంది."

నాలుగో కీబోర్డులో ఒక అక్షరం రెండుసార్లు కొడితే గాని పడదు. ఆ సంగతి కనకరత్నానికి తెలుసు, జెస్సీకి తెలుసు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడేవారు.

జెస్సీకి ముప్పై మూడేళ్లు. తండ్రి పోయాక సెంటరు పెట్టి తమ్ముణ్ని చదివించింది. తమ్ముడు స్థిరపడేసరికి, వచ్చే సంబంధాలు పిల్లలున్న విధురులవే అయ్యాయి. ఆ మాట కూడా నవ్వుతూనే చెబుతుంది.

అమ్మకం చోట్ల గురించి సుకుమార్ చేసిన పరిశోధన మామూలుది కాదు. ముందు విదేశీ వేలంపాట సైటు చూశాడు. అక్కడ అమ్మేవాళ్ల పేర్ల పక్కన చుక్కలుంటాయి. కొన్నవాళ్లు మెచ్చుకుంటే చుక్కలు పెరుగుతాయి.

"నాకు ఒక్క చుక్కా లేదండి. నన్నెవరు నమ్ముతారు?"

"ముందు ఏదైనా చిన్నది కొనండి. మంచోడని వాళ్లే రాస్తారు."

"కొనాలంటే వాళ్లని నేను నమ్మాలి కదండీ."

"మరైతే ఎవరో ఒకరు ముందు నమ్మాలండి, సుకుమార్ గారూ. అది మీరు కాకూడదంటే ఎలా?" అని జెస్సీ ఎవరిదో రేషన్ కార్డును మెషిన్లోకి తోసింది.

తర్వాత సేకరణదారుల చర్చావేదిక ఒకటి దొరికింది. కొత్త సభ్యుడు తన గురించి నాలుగు మాటలు రాయాలి. ఆ నాలుగు మాటలు రాయడానికి అతనికి ఒక వేసవి పట్టింది. రాసిందంతా కొట్టేసి మళ్లీ రాయడం జెస్సీ చూసేది.

"అంత ఆలోచన దేనికండీ? పేరు, ఊరు, ఏం ఇష్టమో చెప్పమన్నాడు."

"ఆ మూడోదే తేలడం లేదండి."

బొంబాయి వ్యాపారి ఒకడు ముందు కార్డులు పంపితే చూసి ధర చెబుతానన్నాడు. ఆ మాట వినగానే సుకుమార్ వెనక్కి తగ్గాడు. ఉచిత ప్రకటనల సైటులో ఇంకొకడు బేరమే ఆడలేదు. అడిగినదానికి రెండింతల చెక్కు పంపుతాననీ, మిగిలినది తన కొరియర్ మనిషికి ఇచ్చేయమనీ రాశాడు. సుకుమార్ ఆ ఉత్తరంలోని మానసిక స్థితిని విశ్లేషిస్తూ కూర్చుంటే జెస్సీ అతని కుర్చీ వెనక్కి వచ్చి నిలబడింది.

"దీంట్లో విశ్లేషణ ఏముందండీ? చెక్కు చెల్లదు, మీరిచ్చింది తిరిగి రాదు. అడగకుండా ఎక్కువిచ్చేవాణ్ని మా అమ్మ వంకాయల బండి దగ్గర కూడా నమ్మదు."

"ఆయ్, నమ్మనండి," అంది గుమ్మం దగ్గర్నుంచి కనకరత్నం.

కార్డులను జాగ్రత్త చేసే నియమాలు కూడా అతను ప్రింటు తీయించుకున్నాడు. వేళ్లతో బొమ్మ ముట్టుకోకూడదు. టేపు అంటించకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా లామినేషన్ చేయకూడదు. చేస్తే కార్డు విలువ సున్నా. అది చదివి సుకుమార్ నవ్వాడు. "మనవాళ్లకి ఇదొక జబ్బండి. టెన్త్ మార్కుల లిస్టు దగ్గర్నుంచి పెళ్లి శుభలేఖ దాకా ప్లాస్టిక్ తొడిగేయాల్సిందే. పోతుందన్న భయం."

"ఆ భయమే మాకు అన్నం పెడుతోందండి. మీ భయం మాత్రం గంటకి పదిహేను రూపాయలే ఇస్తోంది," అంది జెస్సీ.

అతను నొచ్చుకోలేదు. ఇంటికి వెళ్తూ దారంతా ఆ మాట తలుచుకుని నవ్వుకున్నాడు. ఎందుకు నవ్వుకుంటున్నానని మాత్రం తనను తాను అడగలేదు. ఇతరుల నవ్వుల గురించి అతని అలమరలో మూడు పుస్తకాలున్నాయి.

గణపవరంలో చేపల చెరువులున్న బావ ఏలీయా ఫోన్ చేసినప్పుడల్లా అదే ఊసు. "ఏరా బావా, అమ్మావా?"

"చూస్తున్నాను బావా. నమ్మకమైన చోటు దొరకాలి."

"చేపపిల్లని ఒక చెరువులోంచి ఇంకో చెరువులో వేస్తే ఒక్క పూట బెదురుతుంది. తర్వాత మేత తింటుంది. నువ్వు ఏడాదిగా గట్టు మీదే కూర్చున్నావు కదరా."

ఆ వానాకాలంలో నిజంగానే నమ్మకమైన చోటు దొరికింది. చర్చావేదికలో ఇంగ్లండు పెద్దాయన ఒకడు. పదేళ్లుగా సభ్యుడు, ఎంతోమంది అతని మాటకు పూచీ పడ్డారు. డబ్బు ముందుగా మధ్యవర్తి సంస్థ దగ్గర ఉంచుతాడు. పార్సిల్ చేరాక వాళ్లు సుకుమార్‌కి ఇస్తారు. రిజిస్టరు చేసి, బీమాతో పంపమన్నాడు. పంపేముందు ప్రతి కార్డునూ రెండు వైపులా స్కాన్ చేసి చూపమన్నాడు. పెన్సిలు రాత ఉన్నది కూడా ఫరవాలేదు, యాభై కలిసి ఉంటే చాలన్నాడు. సుకుమార్ అతని మీద మూడు వారాలు దర్యాప్తు చేశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. దాంతో నిద్ర పట్టడం మానేసింది.

ఆ వారమే కనకరత్నం జిరాక్స్ కాగితాలు సర్దుతూ మామూలుగా చెప్పింది. "ఈ నెలాఖరుకి మూసేస్తన్నామండి. ఇల్లుగలాయన దీన్ని పడగొట్టి అపార్టుమెంటు కడతాడంట. గూడెం టౌన్లో మా తమ్ముడి షాపు ఖాళీగా ఉంది. జిరాక్సు, లామినేషన్ పెట్టుకుంటాం. నెట్ పెట్టం. ఇళ్లల్లోకే వచ్చేస్తంది కదండీ."

"అలాగా," అన్నాడు సుకుమార్. నాలుగో నంబరు దగ్గర కూర్చుని చాలాసేపు ఏ సైటూ తెరవలేదు. జెస్సీ చూసింది.

"మీ పని అప్పటికి అయిపోతుంది లెండి. దొరికాడుగా మీ పెద్దాయన."

"దొరికాడండి."

"మరి ఆ మొహమేంటి?"

"అతని గురించి ఇంకా కొంచెం..."

"కట్టుకోబోయేవాడి గురించి కూడా ఇన్ని వాకబులు చెయ్యరండి. పంపేయండి."

నెలాఖరు శనివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. సుకుమార్ బిస్కెట్ల డబ్బాను చొక్కాలో దాచుకుని తడుస్తూ వచ్చాడు. రెండు కంప్యూటర్లు అప్పటికే అట్టపెట్టెల్లోకి వెళ్లిపోయాయి. నాలుగోది ఉంచారు. ఎందుకుంచారో అతను అడగలేదు. అడిగి ఉంటే కథ ఇక్కడే అయిపోయేది.

జెస్సీ చేతులు తుడుచుకుని డబ్బా అందుకుంది. ఇన్నాళ్లూ వాటి కబుర్లే వింది, చూడటం ఇదే మొదటిసారి. కార్డుల అంచులు మాత్రమే పట్టుకుని తెల్లబట్టల ఆటగాళ్లను ఒక్కొక్కణ్నే బల్ల మీద పరిచింది. బొమ్మ ముట్టుకోకూడదని అతను చెప్పే అవసరం రాలేదు. ప్రింటు తీసింది ఆవిడే, చదివింది కూడా.

"వీళ్లెవరో మీకు తెలుసా?"

"పేర్లు తెలుసండి. ఎలా ఆడేవారో తెలీదు."

"మీ నాన్నగారికి?"

"ఆయనకీ తెలీదు. ఆదివారపు బడి మానలేదనడానికి గుర్తు, అంతే."

మొదటి కార్డు తిప్పి పెన్సిలు రాత చూసింది. పసివాడి గుండ్రటి అక్షరాలు. వానకి గుమ్మంలోంచి తేమగాలి కొట్టింది. మూలనున్న కార్డు ఒకటి లేచి వంకర తిరిగింది. సుకుమార్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"జెస్సీ గారూ, తేమ ఎక్కుతోందండి. వీటిని లామినేషన్ చేసేయండి."

జెస్సీ అతని వైపు చూసింది. గుమ్మం దగ్గర పెట్టెకి టేపు వేస్తున్న కనకరత్నం చెయ్యి కూడా ఆగింది.

"ఏం చెయ్యమన్నారు?"

"లామినేషన్ అండి. భద్రంగా ఉంటాయి."

"నిజంగానే?"

"అవునండి. అన్నీ."

మనసు నోటితో చెప్పలేనిదాన్ని పొరపాటు చేత చెప్పిస్తుందని సుకుమార్ పుస్తకాల్లో చదివాడు. ఆఫీసులో హెడ్ క్లర్కుకి ఓసారి దాన్ని వివరించి చెప్పాడు కూడా. తన నోటినుంచి అదే జరుగుతుంటే గుర్తుపట్టలేదు.

జెస్సీ యాభైలోంచి ఒక్కటి తీసుకుంది. పెన్సిలు రాత ఉన్నది, పెద్దాయన లెక్కలో ముందే విలువ తగ్గినది. ప్లాస్టిక్ కవరులో పెట్టి, మెషిను వేడెక్కేదాకా ఆగింది. ఈ లోపల అతను కాదనడానికి కావలసినంత వ్యవధి ఉంది. మెషిన్లో పచ్చలైటు వెలిగింది. ఆవిడ ఇంకొకసారి అతని మొహం చూసి కార్డు లోపలికి పెట్టింది.

అటువైపు నుంచి కార్డు మెరుస్తూ, వేడిగా బయటికొచ్చింది. జెస్సీ దాన్ని కాసేపు ఊపి అతని ముందు పెట్టింది.

"ఇప్పుడు దీన్ని వేలంపాటలో ఎవరూ కొనరండి. చర్చావేదికలో చూపిస్తే తిడతారు. బొంబాయి ఆయన నవ్వుతాడు. యాభై నలభై తొమ్మిదయ్యాయి కనక మీ పెద్దాయనా తీసుకోడు. మిగతావి కూడా చెయ్యమంటారా?"

సుకుమార్‌కి అప్పుడు తెలిసింది. ముందు చెవులు వేడెక్కాయి. నష్టం తలుచుకుని బాధపడదామని లోపల వెతికాడు. బాధ దొరకలేదు. దాని చోట ఒక హాయి కూర్చుని ఉంది, చాలా రోజులుగా అక్కడే ఉన్నట్టు.

"మీకు... నియమం తెలుసు కదా?"

"ఏడాదిగా మీ పక్కనే కూర్చుని చదువుతున్నానండి."

"మరి ఆపలేదే?"

"రెండుసార్లు అడిగాను. మెషిను వేడెక్కేదాకా ఆగాను కూడా. ఏవండీ, మీకు అమ్మే ఉద్దేశం లేదని మా అమ్మకి ఎప్పుడో తెలుసు. నాకు ఈ వానాకాలంలో తెలిసింది. మీకొక్కరికే చెప్పలేదు." నవ్వు ఆపుకోవడానికి బల్ల మీద లేని దుమ్ము తుడిచింది. "రేపటినుంచి నాలుగో నంబరు ఉండదు. ఇప్పుడేం చేస్తారు?"

అదే ప్రశ్న. ఇంగ్లండు దాకా పార్సిల్ ఎన్ని చేతులు మారుతుందో, ఎక్కడ పోతే ఎవరు పూచీయో అతనికి కంఠతా వచ్చు. ఈ బల్లకి అటువైపున్న మనిషి రేపు ఎక్కడుంటుందో ఆలోచించే ధైర్యం చేయలేదు. ఏం చెబితే తిరిగి తీసుకోవచ్చో, ఏం చెబితే తీసుకోలేమో లోపల లెక్క మొదలైంది. లెక్క పూర్తయితే ఇంకో ఏడాది గడిచిపోతుందని మొదటిసారి భయం వేసింది.

లామినేషన్ కార్డు ఆవిడ వైపు జరిపాడు.

"ఇది మీ దగ్గరుంచండి."

"ఎందుకండీ? విలువ లేదుగా."

"మా నాన్న పేరుంది దాని మీద." ఖాళీ డబ్బా కూడా అటు జరిపాడు. "మిగతావి కూడా... మీ దగ్గరే ఉంటే బాగుంటుందండి. వాటితోపాటు నేను కూడా."

జెస్సీ కార్డును తిప్పి చూసింది, మళ్లీ తిప్పింది. మాట్లాడేటప్పటికి గొంతులో వెటకారం సగమే మిగిలింది.

"నాకు ఒక్క చుక్కా లేదండి, సుకుమార్ గారూ. వాకబు చేసుకోరా మరి?"

"ఎవరో ఒకరు ముందు నమ్మాలన్నారుగా."

"ఆయ్," అంది కనకరత్నం, పెట్టెకి టేపు పర్రున లాగుతూ. "ఆ మాట ఇది పోయిన సంవత్సరం అంది. ఇప్పుడు చేరింది. గూడెం ఇంగ్లండేం కాదు బాబూ, ఇక్కడ ప్యాసింజరెక్కితే గంట. ఇంటికొచ్చి మాట్లాడండి."

"రేపు ఆదివారం, గుడిలో ప్రార్థన అయ్యాక వస్తానండి," అన్నాడు సుకుమార్. తర్వాత పాత అలవాటు కొద్దీ, జాగ్రత్తగా, "ఒక కార్డు తెస్తాను లామినేషన్‌కి. వారానికొకటి చొప్పున..." అని మొదలుపెట్టాడు.

జెస్సీ నలభై తొమ్మిదింటినీ పోగుచేసి, డబ్బాలో పెట్టి, మూత గట్టిగా నొక్కి, తన సామాను పెట్టెలో అడుగున సర్దేసింది.

"అన్ని ఆదివారాలు మా అమ్మ ఆగదండి," అంది.