పోతే మళ్ళా రావు

"జాగ్రత్తగా తుడువు. ఊరోళ్ళ క్యాసెట్లు, పోతే మళ్ళా రావు."

తిమోతి రోజూ అనే మాటే ఇది. నంద్యాలలో అతనికి వీడియో షాపు. పాత పెళ్ళి క్యాసెట్లను సీడీల్లోకి ఎక్కించి ఇస్తాడు. బూజు పట్టినవన్నీ సంచిలో వేసుకుని సాయంత్రం ఆళ్ళగడ్డలోని ఇంటికి తెస్తాడు. గిన్నెలు కడిగి, అత్త కాళ్ళు పిసికి, అతని భార్య జీవమ్మ ఆ సంచి ముందు కూర్చుంటుంది. మూత విప్పి, రీలు మెల్లగా తిప్పుతూ స్పిరిట్ గుడ్డతో తుడుస్తుంది. ఆ వాసనకు తల దిమ్మెక్కుతుంది, అన్నం సహించదు. "కూచోని చేసే పనే గదా, అంతగా ఏం అలిసిపోతాండావ్?" అంటుంది అత్త కృపమ్మ. షాపుకొచ్చే వాళ్ళంతా తిమోతి చెయ్యి మంచిదంటారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, ఈ ఇంట్లో పనికొస్తుంది, పేరే రాదు.

ఊరందరి పెళ్ళిళ్ళూ బతికించాక, తొంభై ఒకటి నాటి తన పెళ్ళి క్యాసెట్ గుర్తొచ్చింది జీవమ్మకు. అందులో అమ్మ పాట ఉంది. ప్యాపిలి నుంచి వచ్చిన అమ్మ చర్చిలో మైకు ముందు సిగ్గుపడుతూ పాడింది. అమ్మ పోయాక ఆ గొంతు ఇంకెక్కడా లేదు. పెట్టె అడుగునుంచి తీసి, తుడిచి, వీసీఆర్‌లో పెట్టుకుంది. ప్రమాణాలు అయ్యాయి. అమ్మ మైకు అందుకుంది. అంతలో క్రికెట్ మ్యాచ్ వచ్చింది. చివరిదాకా అదే.

క్యాసెట్ తీసి చూసింది. రికార్డింగ్ చెరిగిపోకుండా అంచున ఉండే ప్లాస్టిక్ ముక్కను కొత్త పెళ్ళికూతురుగా తనే విరిచింది. "ఇది ఇరిస్తే ఇంక ఎవరూ చెరపలేరు" అని నేర్పింది తిమోతే. ఇప్పుడా సందు మీద, మళ్ళీ రికార్డు అయ్యేలా ప్లాస్టర్ అతికించి ఉంది. తుడిచేటప్పుడు చూసి, పగిలితే అతికించారేమో అనుకుంది పిచ్చిది.

"ఎవరు అతికించింది?"

"నేనే. ఆ పొద్దు మ్యాచ్‌కు ఖాళీ క్యాసెట్ లేకపోయె." తిమోతి అన్నం కలుపుతూనే ఉన్నాడు. "గిరాకీవాళ్ళది చెరిపితే ఊరుకుంటారా? ఇది మనదే గదా!"

మనదే అంటే అడగనక్కర్లేనిదని జీవమ్మకు అప్పుడు తెలిసింది. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

మర్నాడు సాయంత్రం అతను సంచి దింపాడు. "జాగ్రత్త, పోతే..."

జీవమ్మ స్పిరిట్ సీసా, గుడ్డ అదే సంచిలో వేసి అతని ముందు పెట్టింది.

"మళ్ళా రావని నీకు బాగా తెల్సు. నువ్వే తుడుచుకో."

వెళ్ళి గడప మీద కూర్చుని అమ్మ పాట అందుకుంది. రెండో చరణం గుర్తు రాలేదు. మొదటిదే మళ్ళీ పాడింది.