కుమారికి తలంటు

"కుమారి వచ్చేసింది!"

సైకిలు గుమ్మంలోనే పడేసి జయానందం అరిచిన అరుపుకి వంటింట్లో రిబ్కా చేతిలో అట్లకాడ ఆగిపోయింది. పెనం మీద పెసరట్టు మాడు వాసన మొదలైంది.

"కుమారి ఎవరండీ?"

"బాపట్ల నుంచి లారీలో వచ్చింది! బాబాయి మనకి పెళ్లి కానుకగా ఇచ్చేశాడు. పెనుమూడి రేవులో దించారు. పద, చూద్దువుగాని!"

లారీలో వచ్చే పెళ్లి కానుక మనిషి కాదు కదా అని రిబ్కా గుండె కుదుటపడింది. తెలుగులో ఆడమనిషి వచ్చినా 'వచ్చింది', పడవ వచ్చినా 'వచ్చింది'. వ్యాకరణం రెంటినీ ఒకే గాటన కట్టేసిందని తెనాలి కాలేజీలో మాస్టారు చెప్పినప్పుడు బి.ఏ. క్లాసంతా నవ్వింది. రిబ్కా అందరికన్నా గట్టిగా నవ్వింది. రేపల్లెలో కాపురం పెట్టిన రెండో నెలలో మాత్రం ఆ సంగతికి నవ్వు రాలేదు.

వెనక మోటారు తగిలించిన చిన్న పడవ అది. పక్కన 'కన్యాకుమారి' అని రాయించారట సంజీవరావు బాబాయి. 'కన్యా' ఉప్పునీళ్లకి ఊడిపోయి, 'కుమారి' ఒక్కటే మిగిలింది. సెలవులన్నీ జయానందం బాపట్లలో దాని మీదే గడిపాడు. ఇప్పుడు గట్టు మీద దుంగలెక్కి కూర్చున్న దాన్ని చుట్టూ తిరిగి చూసి, ఒళ్లు నిమిరాడు.

"ఎంత చిక్కిపోయావే!"

'వే'!

రిబ్కా ప్రాణం చివుక్కుమంది. తెనాలిలో నాన్న అమ్మని "ఏమే, ఎక్కడున్నావే" అని పిలుస్తాడు. ఆ 'వే' కోసం ఆమె పెళ్లయిన రోజు నుంచీ ఎదురుచూస్తోంది. జయానందం బడిపంతులు, ఎంత ముద్దొచ్చినా "రిబ్కా, కాస్త మంచినీళ్లు ఇస్తావా?" అంటాడు, హాజరు పిలిచినట్టు. ఈ చెక్కముక్కకేమో కనపడగానే 'వే'.

పైగా కుమారికి మెడ పట్టేసింది. స్టీరింగు చక్రం ఎటు తిప్పినా కదలదు. ఆ రోజు నుంచీ బడి కాగానే జయానందం రేవుకే. ఆదివారం తెనాలి తీసుకెళ్తానన్న మాట కూడా గాలికి పోయింది.

"పట్టేసిన దాన్ని వదిలేసి ఎలా వెళ్తాం, రిబ్కా?" అన్నాడు. పట్టేసింది పడవకా, మీకా అని అడుగుదామనుకుని, కందిపచ్చడి రుబ్బుతూ రోట్లోనే కోపమంతా నూరేసింది.

పక్కింటి కోటేశ్వరమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "ఏంటమ్మాయ్, మీ ఆయన సవతింటికేనా?"

"అవునండి పిన్నిగారూ. దానికి మెడ పట్టిందట, పాపం."

"నువ్వూ వెళ్లు మరి. సవతిని ఒంటరిగా వదలకూడదు."

ఆ సాయంత్రం రిబ్కా సైకిలు కారేజీ ఎక్కి కూర్చుంది. దారి పొడుగునా మొగుడి చొక్కా పట్టుకునే ఉంది. అంత కోపంలోనూ కాలవ గాలికి కొంగు ఎగురుతుంటే ఎంత హాయిగా ఉందో!

రేవులో జయానందం చక్రంతో కుస్తీ పడుతున్నాడు. ముక్కు మీద గ్రీజు. ఆ ముక్కు చూసి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది.

"అలా లాగితే విరిగి ఊరుకుంటుంది. అత్తాకోడళ్లని విడదీసి చూస్తేగా తప్పెవరిదో తెలిసేది!"

"అంటే?"

"చక్రాన్నీ మోటారునీ కలిపే కడ్డీ ఉందిగా, దాన్ని మోటారు దగ్గర ఊడదీయండి."

ఊడదీశాడు. మోటారు చేత్తో తోస్తే సుతారంగా అటూ ఇటూ తిరిగింది. చక్రం మాత్రం ససేమిరా అంది. మోటారు పక్కనున్న గొట్టంలోంచి ఆ కడ్డీ జారాలి, జారడం లేదు. రిబ్కా జడలోంచి పిన్ను తీసి గొట్టం అంచున గీకింది. ముదురు పాకంలా గట్టిపడిన గ్రీజు పెళ్లలు పెళ్లలుగా ఊడింది.

"బాబాయి ఏటేటా గ్రీజు పెట్టేవాడు. ఒక్క ఏడూ మానలేదు," అన్నాడు జయానందం.

"పాతది తుడిచేవారా?"

జయానందం తల అడ్డంగా ఊపాడు.

"అదీ సంగతి! నూనె మీద నూనె పెట్టుకుంటూ పోయి తలంటే మర్చిపోయారు. ప్రేమ ఎక్కువై పట్టేసింది మీ కుమారికి."

సవతికి తలంటు పోసే యోగం ఎంతమందికి పడుతుంది? మర్నాటి సాయంత్రం రిబ్కా ఇంట్లో స్టవ్వులోంచి కిరసనాయిలు సీసాలోకి వంపి తెచ్చి గొట్టం నోట్లో చుక్కచుక్కగా పోసింది. రాత్రంతా నాననిచ్చారు. ఆ మర్నాడు జయానందం కడ్డీ చివర చెక్కముక్క ఆనించి సుత్తితో మెల్లగా కొడుతుంటే, రిబ్కా చక్రాన్ని కొంచెం అటూ కొంచెం ఇటూ ఆడించింది. ఉన్నట్టుండి కిర్రుమని కదిలింది! కడ్డీ బయటికి లాగి, పాత చీర పేలిక పుల్లకి చుట్టి, గొట్టం తెల్లబడేదాకా తోమారు. కొత్త గ్రీజు కాటుక పెట్టినంత పల్చగా రాసి, మళ్లీ బిగించారు.

రిబ్కా చక్రం ముందు కూర్చుని ఒక్క వేలితో తిప్పింది. వెనక మోటారు బుద్ధిగా తల తిప్పింది. ఇటు తిప్పితే ఇటు, అటు తిప్పితే అటు. ఓరి దేవుడా, ఎంత బాగుంది! పొడినేల మీదే నది దాటేసింది, దీవి చుట్టేసింది, సముద్రం దాకా వెళ్లొచ్చింది.

జయానందం పక్కన నిలబడి చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "ఇంక నేను చూస్తా, రిబ్కా."

"ఉండండి. కుమారీ, కుడికి పదవే!"

"నాకసలు ఇచ్చే ఉద్దేశం ఉందా?"

"మేం మాట్లాడుకుంటున్నాం."

జయానందం మొహం మాడిన పెసరట్టులా అయింది. చిన్నప్పటి నుంచీ తన చేతికే లొంగిన పడవ అది.

"చాల్లేవే! ఇంక జరగవే, నాకివ్వవే!"

రిబ్కా చెయ్యి చక్రం మీద ఆగిపోయింది. ఒకటి కాదు, మూడుసార్లు 'వే'! అతనికి తెలియనే లేదు. ఆమె కిందికి చూస్తూ, కుమారి అంచుని ఎవరికీ కనపడకుండా ఒకసారి నిమిరింది. మొగుడికి మాత్రం చక్రం ఇవ్వలేదు.

"రేపు పొద్దున్నే దీన్ని నీళ్లలోకి దించుతున్నాం. నేనూ, కుమారీ అవతలి ఒడ్డు దాకా వెళ్లొస్తాం. మీకు చోటుంటుందేమో దాన్ని అడిగి చెప్తాను."