ముక్కు బాబాయి గులాబి పాకం

తోట హోటల్లో జిన్ అనే మద్యంతో పానీయాలు కలిపే పెద్దాయన కళ్లు మూసుకుని గ్లాసును ఒక్కసారి వాసన చూస్తే చాలు, అందులోని గులాబి ఏ పూట కోసిందో చెప్పేయగలడని ఆ వీధి వీధంతా నమ్మేది. హోటలు యజమాని కొత్తగా వచ్చిన ప్రతి అతిథికీ ఈ సంగతి చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ అది కాస్త పెరిగేది. నిజంగా చెప్పగా విన్నవారెవరని అడిగితే మాత్రం, ప్రతివారూ మరొకరిని చూపించేవారు. ఆయనకు ముక్కు బాబాయి అన్న పేరు అలా స్థిరపడిపోయింది.

ఆ మధ్యాహ్నం ముక్కు బాబాయి తన వంటింటి బల్ల ముందు కూర్చుని గులాబి రేకుల మొదళ్లు కత్తిరిస్తున్నాడు. రేకు అడుగున తెల్లగా ఉండే భాగం చేదు. దాన్ని చిన్న కత్తెరతో తీసివేసి, ఎర్రని భాగాన్ని గిన్నెలోకి జారవిడుస్తాడు. ఏళ్ల తరబడి ఐసునూ నిమ్మకాయలనూ తాకిన ఆ వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి, ఎండిన చెరువు మట్టిలా గీతలు తేలింది. పక్కన పుచ్చకాయ రసం జల్లెడలోంచి బొట్లు బొట్లుగా దిగుతోంది.

పొయ్యి ఆపి, వేడి పంచదార నీళ్లలో రేకులు వేసి మూత పెట్టాడు. కాసేపటికి రేకులు వెలవెలబోయాయి; నీళ్లు మాత్రం మురికి ఊదా రంగులోకి తిరిగాయి. నాలుగు చుక్కల నిమ్మరసం పడగానే ఆ మురికి రంగు నిలువునా ఎర్రబడింది. పులుపు తగిలితే రేకులోని రంగు మారుతుందని, ఇందులో మాయ ఏమీ లేదని ఆయనకు తెలుసు. తెలిసినా ప్రతి రోజూ కొత్తగా చూసేవాడు.

అసలు కష్టం ఇక్కడి నుంచే. రేకులను ఎంతసేపు నాననివ్వాలన్నది రంగు చెప్పదు, వాసన చెబుతుంది. ఆయనకు వాసన తెలియదు. నడివయసులో వచ్చిన ఒక జ్వరం పోతూ పోతూ దాన్ని వెంట తీసుకుపోయింది. అప్పటి నుంచి రోజూ ఆయన గిన్నె మూత తీసి పట్టుకుంటే భార్య వంగి ఆవిరి పీల్చి, "ఇంకా" అనేది, లేదా "చాలు" అనేది. ఆ "చాలు" మీదే ఆయన ఉద్యోగం నిలబడి ఉంది. జిన్‌కు గులాబి పాకం, పుచ్చకాయ రసం, నిమ్మ, సోడా కలిపిన ఆ పానీయం కోసమే వేసవి సాయంత్రాల్లో హోటలు తోట నిండేది.

ఆ రోజు భార్యకు జలుబు.

ఆవిడ గిన్నె మీదికి వంగి, రెండు మూడు సార్లు ఎగపీల్చి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"వేడి తగులుతోంది గానీ, వాసన లేదయ్యా. ముక్కు దిబ్బడేసింది."

"ఇంకోసారి చూడవే."

"ఎన్నిసార్లు చూసినా అంతే. పక్కింటావిణ్ణి పిలవనా?"

"వద్దు. ఆవిడకి చెబితే టముకు వేయించినట్టే. ముక్కు పనిచేయనివాడి చేతికి గ్లాసెవరిస్తారు? రేపే ఇంకెవర్నో పెట్టుకుంటారు."

ఆయన చెంచాతో కొంచెం తీసి నాలుక మీద వేసుకున్నాడు. తీపి, పులుపు, చేదు నాలుకకు తెలుస్తాయి, గులాబి తెలియదు. భార్య "చాలు" అనే వేళకు చేదు ఇంకా మొదలుకాదు. అయినా తనకు తెలిసే గుర్తు అదొక్కటే కనుక, ఆ చేదు జాడ తగిలే దాకా ఆగి, తగలగానే వడకట్టాడు. ఆలస్యమైందని వడకడుతుండగానే తెలిసింది.

సాయంత్రం హోటలు తోటలో ఎండ గోడ మీదికి ఎక్కింది. రిటైరైన టీచరమ్మ, ఆవిడ స్నేహితురాలు పళ్ల డాక్టరమ్మ ఎప్పటిలాగే కౌంటరు ముందు ఎత్తు కుర్చీల్లో కూర్చున్నారు. ఆయన జిన్నూ రసమూ పాకమూ నిమ్మా ఐసుతో కలిపి గిలకరించి, గ్లాసుల్లో వంచి, పైన సోడా పోశాడు. అలవాటుగా గ్లాసును ముఖం దగ్గరికి తెచ్చి కళ్లు మూసుకున్నాడు. అందరూ వాసన చూడడం అనుకునేది దీన్నే. సోడా తుంపర పైపెదవి మీద ఎంత గట్టిగా చిటపటలాడుతోందో చూసుకోవడం తప్ప ఆయన ఇంకేమీ చేసేవాడు కాదు.

టీచరమ్మ ఒక గుక్క తాగి ఆగింది.

"ఇవాళ ఏదో తేడాగా ఉంది బాబాయ్. పువ్వు వెనకాలే తొడిమ కూడా వచ్చినట్టుంది."

చేతిలోని తువ్వాలును ఆయన మడిచి కౌంటరు మీద పెట్టాడు. ఇన్నేళ్లూ దాచినది ఇక దాచబుద్ధి కాలేదు.

"నాకు వాసన తెలియదమ్మా. ఎప్పుడో జ్వరంలో పోయింది. రోజూ మా ఆవిడే చూసి చెబుతుంది. ఇవాళ ఆవిడకి జలుబు."

కౌంటరు పక్కనే నిలబడ్డ యజమాని కడుపు పట్టుకుని నవ్వాడు.

"చూశారా, జోకు వేసినా ముఖంలో ఒక్క గీత కదలదు ఈయనకి."

"ఆ మాటకొస్తే మా ఆయన ముక్కు గురక పెట్టడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు," అంది డాక్టరమ్మ. "నీ పెళ్లాం జలుబు తగ్గేదాకా దాన్ని అద్దెకు తీసుకో."

టీచరమ్మ కూడా నవ్వి, గ్లాసు ఖాళీ చేసి ముందుకు జరిపింది. "తొడిమైనా బాగానే ఉందిలే. ఇంకోటి కలుపు."

ఆయన కలిపాడు. నిజం చెప్పినా ఉద్యోగం నిలిచింది. కానీ భార్యకు దక్కవలసిన పేరు మాత్రం ఆవిడకు దక్కలేదు.

ఇంటికి రాగానే భార్య ఆత్రంగా అడిగింది. "ఏమైంది?"

"చెప్పేశాను."

"అయ్యో. ఏమన్నారు?"

"నవ్వారు. ఎవరూ నమ్మలేదు."

"సొమ్మొకరిది, సోకొకరిది అంటే ఇదే మరి," అని ఆవిడ తుమ్మింది.

"సొమ్ము నీదనే చెప్పానే. వాళ్లు వినకపోతే నేనేం చెయ్యను?" ఆయన మజ్జిగ గ్లాసు అందుకున్నాడు. "నువ్వు లేకపోతే ఇన్నేళ్లూ నేను పంచదార నీళ్లు అమ్ముకునేవాణ్ణి."

"సరేలే, తాగు," అంది ఆవిడ. కానీ ఆ మాట ఆవిడకు నచ్చింది.

మరునాడు ఆయన బల్ల ముందు కూర్చుని రేకులు కత్తిరిస్తుండగా ఆవిడ వాకిట్లో మిగిలిన పువ్వులు కోస్తోంది. ఒక పువ్వును ముక్కు దగ్గర పెట్టుకుని, అక్కడి నుంచే కేకవేసింది. "ఏమయ్యా, ఇవాళ తెలుస్తోంది."

జవాబు రాలేదు. ఆవిడ లోపలికి వచ్చేసరికి ఆయన కుర్చీలోనే తల ఒక పక్కకు వాల్చి ఉన్నాడు. కత్తెర ఒడిలోకి జారి ఉంది. గుండె ఆగిపోయిందని, నొప్పి తెలిసి ఉండదని డాక్టరు చెప్పాడు.

పరామర్శకు యజమానీ టీచరమ్మా వచ్చారు. కూర్చోవడానికి వేరే గది లేక వంటింట్లోనే బల్ల చుట్టూ కూర్చున్నారు.

"అటువంటి ముక్కు మళ్లీ పుట్టదమ్మా," అన్నాడు యజమాని.

"ఆయన మీకు చెప్పాడు కదా బాబూ," అంది ఆవిడ నెమ్మదిగా. "అటు చూడండి. రోజూ పొద్దునపూట నేను లాండ్రీలో పనికి వెళితే ఇంట్లో ఆయనొక్కడే ఉండేవాడు. గ్యాసు కారినా తెలియదని నేనే పెట్టించాను."

టీచరమ్మ అటు తిరిగింది. పొయ్యి కింద, నేలకు జానెడెత్తున గోడకు బిగించిన తెల్లని డబ్బా ఉంది. గ్యాసు కారితే మోగే యంత్రం అది; వాసన తెలిసిన ఆవిడ ఒక్కతే మిగిలిన ఆ ఇంట్లో, దాని చిన్న ఆకుపచ్చ దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.