సగం మనుషుల రూలు

నాగేంద్ర మదనపల్లె టమాటా మార్కెట్లో ఇరవై ఐదేళ్ళుగా మండీ నడుపుతున్నాడు. వచ్చిన సరుకును దాని దారికి దాన్ని పంపడమే అతనికి తెలిసిన విద్య. పచ్చిది దూరం పోయే లారీకి, దోరది మద్రాసుకు, పండింది ఊళ్ళో హోటళ్ళకు. రంగులు కలిసిపోయిన క్రేటు వేలానికి వస్తే పాటగాళ్ళు అందులోని నాసి కాయను చూసి ధర చెబుతారు, మంచి కాయను చూసి కాదు. అందుకని అతని మండీలో ఏరని క్రేటు ముందుకు కదలదు. సంసారాన్ని కూడా ఇన్నాళ్ళూ అదే తీరున ఏరుకుంటూ వచ్చాడు. కూతురు బడి కాగితాల్లో రమ్యశ్రీ, చర్చి పుస్తకంలో జెస్సికా. ఏ గుమ్మం ముందు ఏ పేరు పలకాలో ఆ పిల్లకు నాలుగో ఏటనే నేర్పించాడు.

ఆ ఆదివారం తెల్లవారుజామున అతని తల్లి సుబ్బలక్ష్మమ్మ పుంగనూరు దగ్గర పల్లెలో కన్ను మూసింది. అన్న చెంగల్రాయుడు ఫోన్ చేశాడు. మిషన్ ఆసుపత్రి నర్సు పరంజ్యోతిని నాగేంద్ర పెళ్ళాడిన తర్వాత, ఈ ఇరవై రెండేళ్ళలో అన్న గొంతు వినడం అదే మొదలు. ఏడుపు రెండు నిమిషాలు, బేరం పది నిమిషాలు సాగింది. పాడెకు నాలుగో భుజం నాగేంద్రదే. మనవరాలు అందరు పిల్లల్లాగే నేతి దివిటీ పట్టొచ్చు. అయితే బొట్టు పెట్టుకుని, రమ్యశ్రీ అన్న పేరుతోనే పట్టాలి. పరంజ్యోతి ఇంటి ముంగిట్లోకి రాకూడదు.

మూడు గంటలు ఓర్చుకుంటే తల్లి రుణం తీరుతుంది, ఇల్లు తెరుచుకుంటుంది. నష్టం కనిపించలేదతనికి. ఒప్పుకున్నాడు.

"అంతా మాట్లాడినా. నువ్వు బస్సెక్కి పల్లె రోడ్డుకాడ దిగు. నేను కుప్పం పోయి పాపను తీసుకొస్తా," అని భార్యకు చెప్పాడు. ఏం మాట్లాడాడో చెప్పలేదు. వ్యాపారంలో అబద్ధం ఆడకూడదు, అడగనిది చెప్పకూడదు. ఇది అతని పద్ధతి.

కూతురు కుప్పంలో డిగ్రీ చదువుతోంది. ఫోన్ ఎత్తడం లేదు. ఆదివారాలు స్నేహితులతో ఏదో ఆట ఆడుతుందనీ, ఆట మధ్యలో ఫోన్లన్నీ తీసి పక్కన పెడతారనీ అతనికి తెలుసు. అతను వెతుక్కుంటూ వెళ్ళింది ఒక బట్టల కొట్టు పైన అద్దె గదికి. నలుగురు పిల్లలు చాప మీద కూర్చుని ఉన్నారు. మధ్యలో ఇరవై ముఖాల పాచికలు, జిరాక్సు తీసిన లావుపాటి పుస్తకం. ఒక్కొక్కరూ ఒక కల్పిత మనిషిని తయారు చేసుకుని, ఆ మనిషిగా మాట్లాడుతూ కథ నడిపే ఆట అది. ఆడించేవాడు భరత్ అనే కుర్రాడు. ఎవరూ నాగేంద్రను చూడలేదు. చావు కబురు నోట్లో పెట్టుకుని అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"కొత్త పుస్తకంలో అది తీసేసినారు మే," అంటున్నాడు భరత్ రమ్యతో. "అమ్మ నీటిమనిషి, నాయన రాతిమనిషి అయితే, ఒకరి శక్తి తీసుకో. రెండోవాళ్ళది రూపంలో సూపించుకో. కండ్లో, చెవులో, నీ ఇష్టం."

"పాత పుస్తకంలో నా మాదిరి వాళ్ళకు వేరే పట్టీ ఉండాది కదా?" అంది రమ్య.

"ఉండాది. దాని పేరేంది? సగం మనుషులు. రెండు జాతులూ నమ్మవు కాబట్టి పాచిక వేసినప్పుడల్లా రెండు తగ్గిస్తారు. అది బాగుండాదా నీకు?"

"తిట్టినారు, సరే. తిట్టినా లెక్కలో పెట్టుకున్నారు. వీళ్ళు తిట్టేది మానేసి లెక్కలో నుంచే తీసేసినారు."

"మైనస్ రెండు కావల్లని కొట్లాడే మనిషిని నిన్నే సూస్తాండానమ్మా," అన్నాడు పక్కనున్నవాడు. అందరూ నవ్వారు.

"పొద్దుపోతాంది," అన్నాడు భరత్. "రాయా? నీళ్ళా? ఒకటి చెప్పు, ఆట మొదలుపెడదాం."

"యేది పనికొస్తాదో అది రాసుకోమ్మా," అన్నాడు నాగేంద్ర.

పిల్లలు తల తిప్పారు. భరత్ ఏదో వేళాకోళం ఆడబోయి, అతని ముఖం చూసి పాచిక కింద పెట్టేశాడు.

వి.కోట దాటేదాకా కార్లో రమ్య ఏడుస్తూనే ఉంది. తర్వాత చున్నీతో ముఖం తుడుచుకుంది.

"అమ్మ ఆసుపత్రికి వచ్చినప్పుడు అవ్వ నా చేత మాట తీసుకున్నింది నాన్నా. నేను పోతే నువ్వు దివిటీ పట్టల్ల, నువ్వు పట్టకపోతే నాకు దారి కనపడదు అనింది."

ఆ వైపు ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పోతే మనవళ్ళూ మనవరాళ్ళూ నేతిలో ముంచిన దివిటీలు పట్టుకుని పాడె చుట్టూ మూడు సుట్లు తిరుగుతారు. ప్రతి సుట్టుకూ ఇంటి పెద్ద వాళ్ళ పేర్లు, ఎవరి బిడ్డలో పైకి పిలుస్తాడు. పోయినవాళ్ళు విని గుర్తుపడతారని నమ్మకం.

"రానిస్తారా నన్ను?"

"రానిస్తారు. మాట్లాడినా."

"అమ్మను?"

"అందరం పోతాండాము కదా," అన్నాడు.

ఆ పిల్ల అతని వైపు తిరిగి చూసింది. "ఇందాక ఆటలో అట్లా యాల చెప్పినావు? పనికొచ్చేది రాసుకోమని?"

"కలగలుపు క్రేటుకు ధర రాదు కాబట్టి."

"నేను క్రేటునా?"

"నువ్వు కాదులే మా. కొనేవాళ్ళు అట్లా సూస్తారు. కొనేవాళ్ళను మనం మార్చలేము."

"అమ్మేవాళ్ళు మారొచ్చు కదా," అంది రమ్య. నాగేంద్ర ఆక్సిలేటర్ తొక్కాడు.

మూడున్నరకు పల్లె చేరారు. రోడ్డు పక్క పాల కేంద్రం అరుగు మీద పరంజ్యోతి కూర్చుని ఉంది. ఒళ్ళో ఆకులో చుట్టిన బంతిపూల దండ. వచ్చి గంటయిందట. ఎదురుగా నలభై అడుగుల్లో చావింటి పందిరి కనిపిస్తోంది. పలకరించినవాళ్ళు లేరు, పొమ్మన్నవాళ్ళూ లేరు.

చెంగల్రాయుడు తడి పంచెతో కారు దగ్గరికి వచ్చాడు. తమ్ముడి భుజం పట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. ఆ దుఃఖం మటుకు నిజమే.

"టైమైతాందిరా. పాపను రానీ. ఆయమ్మ ఈడ్నే కూసోనీ, అనుకున్నట్టే."

పరంజ్యోతి లేచి నిలబడింది. "అనుకున్నట్టా? ఎవురనుకున్నారు?"

నాగేంద్ర కారు తాళంచెవి వైపు చూశాడు.

"ఓహో. మాట్లాడినా అంటే ఇదా," అంది ఆమె. గొంతు పెంచలేదు. వార్డులో ఏడ్చేవాళ్ళ మధ్య పని చేసిన గొంతు. "ప్రతి నెలా కండ్లు సూపించుకోను ఆసుపత్రికి పోతానని ఈడ చెప్పి, నా టిఫిన్ డబ్బాలో నా పక్కన కూసోని తినిపోయింది ఆ పెద్దమ్మ. కండ్లకు ఏమీ లేదు ఆమెకు. సర్లే. ఎవురింటి పద్ధతి వాళ్ళది." దండను కూతురి చేతికి ఇచ్చింది. "పో జెస్సీ. అవ్వకు మాటిచ్చినావు. నాకోసరం ఆడ కొట్లాట పెట్టొద్దు."

"ఇప్పుడు వీళ్ళు కూడా రాయా నీళ్ళా అని అడుగుతాండారు కదా నాన్నా," అంది రమ్య.

"మూడు సుట్లే కదమ్మా," అన్నాడు నాగేంద్ర.

ముంగిట్లో వదిన జయమ్మ ఆ పిల్ల నొసట కుంకుమ పెట్టింది. మంచి మనిషే. "అచ్చం మా అత్త ముక్కే," అని ఏడ్చింది. దివిటీ చేతికిచ్చింది. ఏడుగురు పిల్లలు వరసగా నిలబడ్డారు. పాడె పైకెత్తి భుజాల మీద పెట్టారు. ఎడమ వైపు వెనక కర్ర నాగేంద్రది. ఆ బరువు భుజాన పడగానే అతనికి లోపల ఏదో కరిగింది. ఇరవై రెండేళ్ళ తర్వాత అమ్మను తాకాడు. బేరం మంచిదే అనుకున్నాడు.

నిప్పుకుండ పట్టుకున్న చెంగల్రాయుడు పేర్లు పిలిచాడు. మొదటి సుట్టు. తన పిల్లలు, చెల్లెలి పిల్లలు, చివరగా, "నాగేంద్ర కూతురు రమ్యశ్రీ."

రమ్య నడిచింది. దివిటీ నిటారుగా పట్టుకుంది.

రెండో సుట్టు. "నాగేంద్ర కూతురు రమ్యశ్రీ."

ఆ పిల్ల ఆగింది. వెనకవాడు ఆమెకు తగిలి తనూ ఆగాడు.

"నాగేంద్ర కూతురు, పరంజ్యోతి కూతురు," అంది రమ్య. అరవలేదు, కానీ పందిరంతా వినిపించింది. "జెస్సికా రమ్యశ్రీ. అట్లా పిలిస్తేనే అవ్వకు తెలుస్తాది పెదనాన్నా. అవ్వ నన్ను రెండు పేర్లతో పిలిచేది."

వాయిస్తున్న పలక డప్పు ఆగిపోయింది.

"పీనుగ ముందర రచ్చేందమ్మా," అన్నారెవరో. ఇంకెవరో, "చెప్పలే నేను? వాళ్ళ రక్తం యాడికి పోతాది," అన్నారు.

చెంగల్రాయుడు ఆ పిల్లను చూడలేదు. "నాగేంద్రా," అన్నాడు, "మాటంటే మాట."

జయమ్మ వచ్చి, పసిబిడ్డ చేతిలోంచి వేడి గిన్నె తీసుకున్నట్టు దివిటీ తీసుకుంది. ఇసుకలో గుచ్చింది. నేతి మంట చిటపటమని ఆరింది. రమ్య ఎదురు తిరగలేదు. పాడె దాటి తండ్రి పక్కకు వచ్చింది.

"రా నాన్నా. అమ్మకాడికి పోదాం."

పాడె కర్ర భుజాన్ని కోస్తోంది. నాగేంద్ర కదిలితే పాడె ఒరగదు. ఆ సంగతి అతనికి తెలుసు, ఎందుకంటే దాయాది ఒకడు భుజాన తుండుగుడ్డ సర్దుకుని అప్పటికే రెండడుగుల దూరంలో సిద్ధంగా నిలబడి ఉన్నాడు. లెక్క వేశాడు. అమ్మ ఒక్కసారే పోతుంది. పిల్ల రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది, నిదానంగా చెప్పుకోవచ్చు. అయినా ఆడవాళ్ళు ఊరి చివర ఆగిపోయేవాళ్ళే, పొలందాకా ఎటూ రారు. ఏ వైపు నుంచి కూడినా మొత్తం ఒక్కటే వచ్చింది.

"నువ్వు పోయి కార్లో కూసోమ్మా," అన్నాడు. "వచ్చేస్తా."

రమ్య చేతిలోని బంతిపూల దండను అవ్వ పాదాల మీద పెట్టి, పందిరి దాటి వెళ్ళిపోయింది. మూడో సుట్టు ఆరు దివిటీలతో నడిచింది. పలక మళ్ళీ మోగింది, పాడె కదిలింది. నాగేంద్ర అడుగు తప్పకుండా నడిచాడు. వెనక్కి తిరగలేదు. పాడె మోసేవాడు తిరగకూడదు.

పొలంలో గుంత పూడ్చి, బోరు కింద స్నానం చేసి, తడి బట్టలతో రోడ్డు మీదికి వచ్చేసరికి ఎండ తగ్గింది. కారు ఉంది, అందులో ఎవరూ లేరు. పాల కేంద్రం ఆమె లోపలి నుంచి చెప్పింది:

"ఇద్దురూ ఆటో ఎక్కి పుంగనూరు పోయినారప్పా. ఆన్నుంచి ఆయమ్మ మదనపల్లె బస్సంట, పాప కుప్పం బస్సంట. మీకు ఏమన్నా చెప్పల్లనా అని అడిగినా. ఏం లేదు అనింది పాప."

అతను ఇద్దరికీ ఫోన్ చేశాడు. ఇద్దరూ ఎత్తలేదు. ఇంకోసారి చేయబోతుంటే చెంగల్రాయుడు వచ్చి పక్కన నిలబడ్డాడు. ముఖంలో కోపం లేదు. అలసట ఉంది, అన్నతనం కూడా ఉంది.

"పాప చిన్నది, తెలీక అనింది. నేను మనసులో పెట్టుకోలే," అన్నాడు. "ఎల్లుండి గుంత మీద పాలు పోయను రా. నీ చేత్తో కూడా పోయించల్ల." తడి తుండు పిండి భుజాన వేసుకున్నాడు. "నువ్వొక్కడివే రా."

నాగేంద్ర ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"వస్తాలే అన్నా," అన్నాడు.