ఆపని ఇంజను

జోగయ్య విజయనగరం స్టేషను ఎదుట బస్సు ఆపి, మెడ తుడుచుకుంటూ దిగాడు. ఇంజను మాత్రం ఆపలేదు. కొత్తవలస నుంచి వచ్చే ఈ ముసలి బస్సు నిలబడ్డంతసేపూ వెనకనుంచి నల్లటి పొగ కక్కుతూనే ఉంటుంది. ఆ పొగ తిన్నగా పోయి, ముంజలమ్మే బుల్లమ్మ మీద పడుతుంది.

"ఒరే జోగయ్యా, ఇంజినాపరా. ఊపిరాడ్డం నేదు."

వినపడనట్టు టీ కొట్టుకు నడిచాడు. అతనికి పెళ్ళి కాకముందు నుంచీ ఆవిడ అక్కడే కూర్చుంటోంది. పాపం, మసిపడ్డ ముంజల్ని మళ్ళీ మళ్ళీ కడుగుతూ దగ్గుతోంది.

ఆపితే ఏం పోయిందంటారా? ఆపితే మళ్ళీ అందుకోదు, జనం దిగి తొయ్యాలి. కిందటేడు అలా తోసినవాళ్ళలో, ఖర్మ కాకపోతే, అతని వియ్యంకుడు జగన్నాధం కూడా ఉన్నాడు. ఇస్త్రీ పంచె ఎగ్గట్టి తోశాడు. ఇంజను అందుకోగానే పొగంతా ఆయన మొహాన కొట్టింది. ఆ మొహంతోనే వచ్చి, "పర్లేదులెండి బావగారూ" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆనాటి నుంచీ జోగయ్య దారిలో ఇంజను ఆపితే ఒట్టు. అంత పరువు మనిషి!

సాయంత్రం ట్రిప్పుకు వచ్చేసరికి బుల్లమ్మ లేదు.

"పొద్దున నువ్వెల్లగానే ఆయాసమొచ్చి పడిపోనాది," అన్నాడు టీ కొట్టు తిరుమలరావు. "నిన్న కూతురొచ్చినాది కదా, బయపడిపోయి తనూరు భావనపాడు తీసుకుపోనాది. ఇంక రాదట."

"నన్నేటైనా అన్నాదేటి?"

"ఏటంతాది? 'ఆడు మంచోడే, ఆడి బండే మంచిది కాదు' అన్నాది."

జోగయ్యకు తలకొట్టేసినట్టయింది. బండిదేం తప్పు? తాళం తన చేతిలోనే ఉంది కదా. టీ తాగకుండానే వెళ్ళి సీటెక్కి ఇంజను ఆపేశాడు.

"ఏటి డ్రైవరుగోరూ, ఆపీసినారు?" జనం గోలెత్తారు.

"దిగి తొయ్యాల బాబూ," అన్నాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు. ఈ సిగ్గేదో పొద్దున్నే పడి ఉంటే సరిపోయేది.

పక్కకు చూశాడు. బుల్లమ్మ కూర్చునే చోట తాటాకు విసనకర్ర ఒకటి పడి ఉంది. బస్సు వైపు అడ్డం పెట్టుకున్న పక్క మసిబారిపోయింది, ఆవిడ వైపున్న పక్క మాత్రం ఇంకా తెల్లగానే ఉంది.