రత్నమాణిక్యం రాయి

నా భార్య సమాధి రాయి మీద నా మాట లేదు. అందుకు కారకులు ఇద్దరు. నా బావమరిది ఆరోన్, వారపత్రిక సబ్ ఎడిటర్ నిరంజన్. ఇందులో తేల్చాల్సింది ఏమీ లేదు.

రత్నమాణిక్యం నిరుడు వానల్లో పోయింది. కొవ్వూరులో మా లూథరన్ సంఘంవాళ్లం నవంబరులో సమాధుల పండుగ చేసుకుంటాం. ఆలోగా పాత సమాధులకు సున్నం వేయాలి, ఏడాది నిండిన కొత్తవాటికి రాయి నిలబెట్టాలి. రాయి మీద పేరు, తేదీలు, కింద ఒక మాట. ఆ మాట ఇంటివాళ్లు చెప్పాలి. చెప్పకపోతే రాళ్లు చెక్కే పల్లంరాజు ఎప్పుడూ చెక్కే బైబిలు వచనమే చెక్కేస్తాడు. మా సమాధుల తోటలో సగం రాళ్ల మీద అదే వచనం.

నేను చదివింది ఊరి బడిలోనే. అయినా నా సీరియల్ వారం వారం అచ్చవుతోంది. ఆమె పోయాక, ఇంట్లో ఎవరూ లేరు కదా అని సభలకు పిలిచేవాళ్లు ఎక్కువయ్యారు. సగం రాత బస్సుల్లో, సగం రైళ్లలో.

రాయికి మాట నా దగ్గర ఉంది. వేసవిలోనే దొరికింది. ‘అలిగినా అన్నం వేడిగానే పెట్టింది.’ ఎవరికీ చెప్పలేదు. చెబితే తలా ఒక చెయ్యి వేస్తారు. దేవుడి పేరు లేదేమిటని పాస్టరుగారు అడుగుతారు. పల్లంరాజు ఉలి పట్టుకున్నాక చెబుదామని ఆగాను.

ఆ ఉలి పట్టుకున్న రోజే తునిలో సన్మానం. జోగేశ్వరరావు అనే బట్టల వ్యాపారి తండ్రి పేరున ఏటా చేస్తాడు. రైలెక్కాను. కార్తీక మాసం. పెట్టె నిండా అన్నవరం వ్రతాలకు వెళ్లే జనం. కిటికీ పక్కన ఇరుక్కున్నాను. ఒకావిడ కొబ్బరికాయల సంచీ తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

“కాస్త పట్టుకోండి బాబూ, కింద పెడితే తొక్కేస్తారు.”

ఇక కదలడానికి లేదు. గోదావరి వంతెన మీద ఉండగా అనుమానం వచ్చింది. నీళ్ల మోటారు ఆపానా? ట్యాంకు పొర్లి పక్కింటి గోడ మీద పడుతుంటుంది. బీపీ మాత్ర వేసుకున్నానా? గుర్తు లేదు. అంతలో ఫోను.

“గురువుగారూ, నిరంజన్నండి. పేజీ కింద రెండు లైన్లు ఖాళీ వచ్చిందండి. సీరియల్లో అమ్మణ్ణి చచ్చిపోయింది అని టక్కున ఆపేశారు. ఆమె మొగుడు ఏమనుకున్నాడో ఒక్క ముక్క చెప్పండి.”

“రాసింది అంతే.”

“ప్రెస్సువాళ్లు నెత్తి మీద కూర్చున్నారండి. మీరు చెప్పకపోతే నేనే ఏదో ఒకటి పెట్టేస్తా.”

పెడతాడు. ఇదివరకు పెట్టాడు. నా కథలో కల్లు గీసుకునే మనిషి చేత ‘విధి వక్రించింది’ అనిపించాడు. ఊళ్లో నెల్లాళ్లు నవ్వారు.

చెప్పాను. చుట్టూ అరుపులు, ఒళ్లో కొబ్బరికాయలు. నోటికి వచ్చింది రాయి కోసం దాచిన ఆ ఒక్క మాటే.

“అబ్బ! ఇది చాలండి,” అని పెట్టేశాడు.

సామర్లకోట దాటాక ఆరోన్ చేశాడు. బడిపంతులు. ప్రతిదానికీ తొందర.

“బావగారూ, పల్లంరాజు నా ఎదురుగానే ఉన్నాడండి. తేదీలు అయిపోయాయి. మాట చెప్పండి.”

“ఆగు.”

“వారం నుంచీ ఆగమనే అంటున్నారు. ఇంకా పది రాళ్లు ఉన్నాయంట అతనికి. ఊరందరికీ రాస్తారు, అక్కకి ఒక్క ముక్క రాదేంటండీ?”

ఫోను కట్టేశాను. నిరంజన్‌కి చేశాను.

“ఆ ఆఖరి వాక్యం తీసెయ్.”

“పేజీ వెళ్లిపోయిందండి. ఇప్పుడెలా?”

కథలో చచ్చిన అమ్మణ్ణికి పెట్టిన మాట తెచ్చి రత్నమాణిక్యానికి పెట్టలేను. పత్రిక చదివిన ప్రతివాడూ సీరియల్ ముక్క రాయి మీద అతికించాడంటాడు. ఇంకో మాట కోసం వెతికాను. పిఠాపురం వచ్చింది, అన్నవరం వచ్చింది. ఆవిడ సంచీ తీసుకుని దిగిపోయింది. మాట రాలేదు.

తునిలో వేదిక మీద నడిమి కుర్చీలో కూర్చోబెట్టారు. జేబులో ఫోను కొట్టుకుంటూనే ఉంది. లేవబోతే జోగేశ్వరరావు భుజం నొక్కాడు.

“ఎక్కడికండీ? శాలువా ఇంకా కప్పలేదు.”

కప్పారు. దాని మీద ఇంకొకటి కప్పారు. చెమటలు పట్టాయి. వక్తలు నా మాటల గొప్ప చెబుతున్నారు. దిగి ఫోను ఎత్తేసరికి ఆరోన్ గొంతు తేలిగ్గా ఉంది.

“ఎంతసేపు చేసినా ఎత్తలేదు మీరు. పాస్టరుగారిని అడిగి వచనం వేయించేశానండి. చక్కగా కుదిరింది.”

చెక్కింది చెరపలేం. ఇంటికి వచ్చి చూస్తే మోటారు ఆపే ఉంది.

పండుగనాడు సమాధుల తోట నిండా కొవ్వొత్తులు. ఆమె రాయి కొత్తగా మెరుస్తోంది. మీద ఉన్నది పక్క రాయి మీద ఉన్నదే, ఎదుటి రాయి మీద ఉన్నదే. ఆరోన్ చంకలో వారపత్రికతో వచ్చాడు.

“ఈ వారం చదివానండి బావగారూ. ఆ ఆఖరి మాట ఉందే, అచ్చం అక్కేనండి. నాకు ఏడుపొచ్చేసింది. ముందే తట్టుంటే రాయి మీద వేయించేవాళ్లం కదండీ.”

కొవ్వొత్తి వెలిగించాను. గాలికి ఆరిపోయింది. మళ్లీ వెలిగించాను.

“మాట్లాడరేంటండీ?”

కొవ్వొత్తికి గాలి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టాను. ఆ మాట ఎవరి కోసం పుట్టిందో ఆరోన్‌కి చెప్పలేదు, చెప్పను. ఇక్కడ రాసింది ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఇక ఎవరడిగినా ఈ సంగతి నా నోట రాదు.