పురుగుల షెడ్డు ముందు ఏడో తరగతి

పుంగనూరు దగ్గరి ఆ ఊరి బడిలో బుధవారం ప్రార్థన అయిపోగానే ఏడో తరగతి గది లేచి నిలబడుతుంది. పునాదికి అంటిన మన్ను దులుపుకుని, ఆ వారం పాఠం ఎవరి దగ్గరుంటే అక్కడికి నడిచిపోతుంది. పద్దెనిమిది మంది పిల్లలు బల్లలు గట్టిగా పట్టుకుని లోపలే కూర్చుంటారు. మదనపల్లె బస్సు డ్రైవరు దానికి దారిచ్చి, ఆలస్యమైందని విసుక్కుంటాడు, అంతే.

పోయిన బుధవారం పాల కేంద్రంలో వెన్న కొలిచి శాతాలు నేర్చుకున్నారు. అంతకు ముందు బోరు మోటారు విప్పి మళ్ళీ బిగించారు. ఒక నట్టు మిగిలిపోయింది గానీ మోటారు తిరిగింది కాబట్టి ఎవరూ దాని ఊసెత్తలేదు.

ఈ వారం సుదర్శన్ సారు మనసు పాఠం మీద లేదు. జాహ్నవి బడికి రాక పది రోజులైంది. వాళ్ళమ్మ రామలక్ష్మమ్మ జారిపడి కుడిచేయి విరగ్గొట్టుకుంది. నాన్న టమోటా లారీ తీసుకుని వెళ్ళాడంటే వారం దాకా ఇంటికి రాడు. షెడ్డు నిండా పట్టుపురుగులు. సారు రెండుసార్లు ఇంటికెళ్ళి అడిగాడు.

"పురుగులకి సెలవులుండవు సార్," అంది రామలక్ష్మమ్మ. "మా పాప పేరు కొట్టెయ్యండి."

"కొట్టెయ్యనమ్మా," అన్నాడు సారు. మొండితనంలో ఇద్దరూ సమానులే.

"కుమ్మరి గంగాధరం ఇంటికి," అని సారు గదికి చెప్పాడు. గది లేచింది, రోడ్డు దాటింది, మల్బరీ తోటల వైపు తిరిగింది.

"అటు కాదప్పా," అని సారు కిటికీలోంచి కేకేశాడు. గది అంతవరకూ ఆయన మాట జవదాటలేదు. ఆ రోజు మాత్రం వినకుండా పోయి, రామలక్ష్మమ్మ షెడ్డుకి ఎదురుగా కూర్చుంది.

రామలక్ష్మమ్మ గదిని ఒకసారి చూసి, దిగిన పిల్లలతో "కాళ్ళు సున్నం నీళ్ళలో కడుక్కోని రాండి," అంది. వాళ్ళలో చరణ్ తల వాసన చూసి ఆపేసింది. "సెంటు నూనె పూసుకోని పురుగుల కాడికి యాల వస్తాండావు? బయటుండి చంద్రికలు అందియ్యి."

చంద్రికలంటే పురుగులు గూడు అల్లుకునే వెదురు తట్టలు. తెల్లారేసరికి పురుగులు పండిపోయాయి. మేత మాని, తలలెత్తి చూస్తున్నాయి. సాయంత్రంలోగా ఏరి తట్టల్లో వేయకపోతే ఆకుల్లోనే దారం వదిలేస్తాయి. నెల్లాళ్ళ కష్టం చెత్తలో కలిసిపోతుంది. పొద్దున్నుంచీ ఒక్కతే ఏరుతున్న జాహ్నవి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నొక్కద్దండి," అని ఆమె తోటి పిల్లలకి చూపించింది. "వెలుతురుకి పట్టి సూడండి. కడుపులో పచ్చ కనపడకపోతే పండినట్టు."

చరణ్ అందించిన మొదటి తట్టలో పిల్లలు పురుగుల్ని కుప్పగా పోసేశారు. జాహ్నవి సగం వెనక్కి తీయించింది. ఇరుకైతే రెండు పురుగులు కలిసి ఒకే గూడు కడతాయి, దాన్నుంచి దారం రాదు. తట్టకి వెయ్యి మించకూడదంది. మొత్తం పురుగులకి ఎన్ని తట్టలు కావాలో సారు అక్కడే గోడ మీద బొగ్గుతో భాగహారం చేయించాడు. అందరికన్నా ముందు జవాబు చెప్పింది జాహ్నవే. రామలక్ష్మమ్మ అది విని తలుపు దగ్గర నిలబడిపోయింది.

చీకటి పడకముందే పురుగులన్నీ తట్టలకెక్కాయి. సారు ఎంత పిలిచినా గది మాత్రం లేవలేదు. మర్నాటి నుంచి పిల్లలే అరమైలు నడిచి అక్కడికి వచ్చారు. గూళ్ళు ఒలిచే పని లేనప్పుడల్లా జాహ్నవి వెళ్ళి వాళ్ళలో కూర్చుంది.

"పాప కూర్చునేది కొత్త పంట వచ్చేదాకానే సార్," అని రామలక్ష్మమ్మ ముందే చెప్పింది.  ఆ తర్వాత జాహ్నవి మళ్ళీ మానేస్తుందేమోనని సారుకి లోపల భయంగానే ఉంది.

ఇరవై రోజులకి కుప్పం నుంచి పిల్లపురుగులు వచ్చాయి. రామలక్ష్మమ్మ చేతి కట్టు ముందురోజే విప్పారు. జాహ్నవి షెడ్డులో కూర్చుని వాటికి లేతాకు సన్నగా తరుగుతోంది. ఎదురుగా గదిలో సారు హాజరు పిలుస్తున్నాడు.

"జాహ్నవి," అన్నాడు. ఎవరూ పలకలేదు. ఆయన పెన్ను ఎత్తిపట్టుకుని తలుపు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఉండాది సార్," అని షెడ్డులోంచి రామలక్ష్మమ్మ గొంతు వినిపించింది. "ఈడే ఉండాది. రాసుకోండి."

కూతురి చేతిలోంచి కత్తి తీసుకుని, ఆకుల ముందు తను కూర్చుంది.